ఖాళీ గడి

కాశీబుగ్గ బస్టాండు వెనక, టీ కొట్టు మేడ మీద మా ఆఫీసు.
కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చిన పొగ,
మూసేస్తే సర్వర్ సెగ.
నేను తెరిచే ఉంచుతాను.

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి
పదకొండు ఫ్యాక్టరీల గేట్ల నుంచి
రిక్వెస్టులు తోసుకుంటూ వస్తాయి:
పేరు, కూలి నంబరు, షిఫ్టు, వేలిముద్ర.
ఒక్కోదాన్నీ ఆపి, మూట విప్పి చూసి
లోపలికి పంపడమో వెనక్కి కొట్టడమో
నేను రాసిన జావా పని.

దిల్లేశ్వర్రావు గారు నేర్పిన మొదటి మాట:
"బయటినుంచి వచ్చిందేదీ నమ్మకు.
అంకె ఉండాల్సిన చోట అంకే ఉందా చూడు.
ముందూ వెనకా ఖాళీలు గొరుగు.
కొటేషన్ మార్కు కనబడితే దొంగే అనుకో."
అన్నీ చేశాను.
వేలిముద్ర లేకపోతే వెనక్కి కొట్టమని కూడా
నేనే రాశాను, మార్చిలో ఒక సాయంత్రం,
నాలుగు లైన్లు, పకోడీలు తింటూ.

బమ్మిడి దాలమ్మ మెట్లెక్కి వచ్చింది,
కూలి పుస్తకం కొంగులో చుట్టుకుని.
"అమ్మీ, పన్నెండు దినాలు పనికొచ్చినాను.
మీ మిసను రాలేదంటంది.
నానొచ్చినానని నువ్వే దానికి సెప్పు."
చెయ్యి టేబుల్ మీద పెట్టింది.
ముప్పై ఏళ్ళు జీడిరసం తాగిన చెయ్యి.
బొటనవేలు
అరిగిపోయిన పాత పైసాలా నున్నగా ఉంది.

లాగ్ తెరిచాను.
ఏడు యాభై రెండు. ఏడు నలభై తొమ్మిది.
వానపడిన రోజున ఏడు ముప్పై ఒకటి.
పన్నెండు రోజులూ వచ్చింది.
ఆ గడి నల్ కాదు.
నల్ అయితే గడే రాలేదని,
తీగ ఊడిందనో, మిషను ఆపేశారనో.
ఇది ఖాళీ స్ట్రింగ్.
గడి వచ్చింది, లోపల ఏమీ లేదు.
మేం అడిగాం, ఆమె వేలు ఆనించింది,
వేలికి చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు.
రెంటినీ ఒకే గాటన కట్టేసింది నా ఇఫ్.

పేరు సంగతి ఇంకా అన్యాయం.
టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, పక్కన చిన్న సున్నా,
మళ్ళీ ఏ, మళ్ళీ సున్నా.
ఏ అక్షరాల్లో వచ్చిందో సర్వర్‌కి
మొదటి పరామీటర్ ముట్టుకోకముందే చెప్పాలి.
ముట్టుకున్నాక చెబితే వినదు.
దిల్లేశ్వర్రావు గారి పాత ఫిల్టరొకటి
అందరికన్నా ముందు లేచి ముట్టుకుంటోంది,
ఎవరొచ్చారో రాసుకుందామని.

"ఏటి సూత్తన్నావంతసేపు?"
స్క్రీన్ తిప్పాను. ఇది నీ పేరు.
"ఓలమ్మ, ముగ్గునాగుంది" అని నవ్వింది.
నాకు ఆ నవ్వు అందడానికి కొంచెం టైం పట్టింది.

ఆయనకి ఫోన్ చేశాను.
"ఖాళీ వేలికి దారిస్తే
రేపు లేనివాళ్ళ పేర్లతో కూలి పోద్ది" అన్నారు.
అదీ నిజమే. నా దగ్గర జవాబు లేదు.

దాలమ్మ విన్నది.
చిటికెనవేలు నా ముక్కు దగ్గర పెట్టింది:
"ఇది సూడు. దీంతో పిక్క పట్టుకోను."
వేలు కొసన గీతలు, సన్నగా, చుట్టలు చుట్టలుగా.

మళ్ళీ మూట విప్పాను.
గేటు దగ్గర మిషను ఐదు వేళ్ళూ పంపుతోంది,
ఐదూ ఒకే పేరుతో.
నేను రాసిన పిలుపు మొదటిదే ఇస్తుంది.
అన్నీ ఇచ్చే పిలుపు
దాని పక్కనే ఉంది, ఇంకాస్త పొడుగు పేరుతో.
అడగలేదు నేను.
ఖాళీ, ఖాళీ, ఖాళీ, ఖాళీ,
ఐదోది దాలమ్మ.
పన్నెండు రోజులూ.

ఎన్‌కోడింగ్ లైను ఫిల్టర్ కన్నా పైకి జరిపాను.
లూప్ ఒకటి రాశాను.
పాత రోజుల కూలికి ఫ్యాక్టరీకి ఉత్తరం కావాలి,
అది ఎప్పటికి తేలుతుందో తెలీదు, చెప్పాను.

"సరేలే" అంది, కిటికీలోంచి కిందికి వంగి
టీ కొట్టు వైపు కేకేసింది:
"ఓలే, ఒకల తరవాత ఒకలు రండి,
ఈ గుంట ఇప్పుడు అన్నేళ్ళూ సూత్తాది!"

మెట్ల మీద అడుగుల చప్పుడు.
తొమ్మిది మంది దాకా ఉంటారు.